క్రాయ్‌బెల్‌ల ఇంట్లో మూయించిన కిటికీ

ఈ సంగతి చాలాసార్లు చెప్పబోయాను. ఒక్కసారి కూడా చివరిదాకా వినలేదు మీరు. తలా ఒక వంట తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో మొదలుపెట్టాను. సరిగ్గా గదిలోకి అడుగుపెట్టే చోటికి వచ్చేసరికి, మామిడికాయ పప్పు ఎవరు తెచ్చారని ఎవరో అడిగారు. అంతే, అందరూ పప్పు వైపు తిరిగారు. ఇంకోసారి ఒకరి గృహప్రవేశంలో చెబుతుంటే, "శుభమా అని ఇల్లు కొనుక్కుంటే ఇప్పుడెందుకండీ ఆ మాటలు" అన్నారు. వాట్సాప్ గ్రూపులో రాస్తే రెండు నవ్వు బొమ్మలు, ఒక ఉడత బొమ్మ వచ్చాయి. ఉడత బొమ్మ పెట్టినవాడి పేరు నాకు గుర్తుంది. ఎప్పటికీ గుర్తుంటుంది.

అందుకే రాస్తున్నాను. కాగితం మీద పప్పు అడ్డం రాదు.

ఇది జరిగింది. నాకే జరిగింది. నేను మందు ముట్టను. ఆ రాత్రి నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు, ఆకలి కూడా లేదు. నమ్మనివాళ్ళు మా ఇంటికి రండి. పై గదిలో పక్క వేసి ఇస్తాను. ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

మా ఇల్లు పెన్సిల్వేనియాలో ఉంది. మీరంతా ఉండే ఎడిసన్‌లో పొద్దున టిఫిన్ తిని బయల్దేరితే అది అరిగేలోపు చేరతారు. వెనక పొడుగ్గా నీలం కొండ. ముందు మొక్కజొన్న చేలు. రాతి ఇల్లు. అమెరికా ఇంకా అమెరికా కాకముందు, ఇంగ్లీషు రాజు కింద ఉన్న రోజుల్లో, జర్మనీ నుంచి వచ్చిన మార్టిన్ క్రాయ్‌బెల్ అనే రైతు కట్టిన ఇల్లు. పెరటి చివర చిన్న ప్రహరీ లోపల ఆ వంశంవాళ్ళ సమాధులున్నాయి. ఇల్లు ఎవరి చేతికి మారినా, సమాధుల దగ్గరికి వచ్చిపోయే హక్కు క్రాయ్‌బెల్ వాళ్ళకు ఉంటుందని కొనేటప్పుడే చెప్పారు.

"శ్మశానం పక్కన ఇల్లేంటండీ" అంది నా భార్య సుజాత.

"ఎడిసన్‌లో ఈ డబ్బుకి కారు షెడ్డు వస్తుంది. అందులో ఉందామా?" అన్నాను.

కొన్నాం. చేరబోయే ముందు మా సొంతూళ్ళోని సిద్ధాంతిగారికి వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించాను. సమాధులు చూపించలేదు. ఆయన అడగలేదు కూడా. మేడ మీద నైరుతి గదిలో ఆయన ఆగారు.

"ఆ బెజ్జం ఏమిటి నాయనా?"

అది కిటికీ. చాలా చిన్నది. మనిషి తల పడితే గొప్ప. అద్దం లేదు. బయటివైపు ఒక చెక్క రెక్క. గాలికీ పనికిరాదు, వెలుతురుకీ పనికిరాదు. ఎందుకు పెట్టారో మాకు అర్థం కాలేదు.

"నైరుతి బరువుగా ఉండాలి. అక్కడ ఖాళీ పనికిరాదు. మూయించు" అన్నారాయన.

మూయించాను. లోపలివైపు ఇటుక పెట్టించి, ప్లాస్టర్ కొట్టించి, తెల్లరంగు వేయించాను. బయటి చెక్క రెక్కను అలాగే వదిలేశాం. ఇప్పుడు అందరూ నన్ను ఎత్తిపొడుస్తున్నారు. మీలో సగంమంది వాస్తు కోసం వంటింటి పొయ్యిలే తిప్పించుకున్నారు. ఎవరెవరో నాకు తెలుసు. నా ఇంట్లో కిటికీ నేను మూయించుకున్నాను. ఈ రోజుకీ అదే మాట మీద ఉన్నాను.

ఆ వేసవిలో క్రాయ్‌బెల్ వాళ్ళు వచ్చారు. ఏడాదికోసారి వంశమంతా సమాధుల దగ్గర కలుస్తారు. పెద్దవాళ్ళు, పిల్లలు, కుక్కలు, మడత కుర్చీలు. ఆ సమాధుల మధ్య గడ్డి కోసింది నేను. వాలిపోయిన రాయికి దన్ను పెట్టింది నేను. వాళ్ళలో ఒకాయన మైకు పట్టుకుని మమ్మల్ని పరిచయం చేశాడు. ఏమన్నాడో తెలుసా? "ప్రస్తుతం ఇందులో ఉంటున్నవాళ్ళు" అన్నాడు. ఇంటివాళ్ళు అనలేదు. పేరు చెప్పలేదు. మా చెట్టు కిందే కూర్చోబెట్టి, నా చేతిలో ఒక కాగితం ప్లేటు పెట్టి, చల్లటి ఆలుగడ్డ సలాడ్ వడ్డించారు.

వాళ్ళలో డోరతీ అని ఒక పెద్దావిడ ఉంది. తెల్లజుట్టు, నిటారు నడుము. వంశచరిత్ర అంతా ఆవిడ నోటనే ఉంటుంది. నా పక్కన కూర్చుని మార్టిన్ కథ చెప్పింది. నిజం చెప్పాలంటే నాకు ఆ మనిషి నచ్చాడు.

రైన్ నది ఒడ్డున యుద్ధాలు, పన్నులు. భరించలేక పెళ్ళాంబిడ్డలతో ఓడ ఎక్కాడు. ఒక బిడ్డ సముద్రంలోనే పోయింది. ఓడ ఛార్జీ ఇచ్చుకోలేక, దిగగానే ఒక ఇంగ్లీషు దొర పొలంలో ఏళ్ళ తరబడి వెట్టి చేశాడు. ఆ మాట విన్నప్పుడు నాకు నా మొదటి కన్సల్టెన్సీ, వాళ్ళు రాయించుకున్న బాండు గుర్తొచ్చాయి. వెట్టి తీరాక ఈ కొండ కింద భూమి చూపించారట. పట్నంలోని ఇంగ్లీషు పెద్దలకు ఒక లెక్క ఉంది. కొండ అవతలి ఆదివాసుల నుంచి దాడులు వస్తే ముందు జర్మన్లకు తగలాలి, తమకు కాదు. దాడులు మొదలయ్యాక మార్టిన్, చుట్టుపక్కలవాళ్ళు తుపాకులు పంపమని పట్నానికి మొర పెట్టుకున్నారు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడూ పలకలేదు.

"అంతకుముందు ఈ కొండ కింద ఎవరుండేవాళ్ళు?" అని అడిగాను. డోరతీ నిమ్మరసం తాగింది.

తర్వాత చెప్పింది. దాడిలో మార్టిన్ చిన్న కూతురు క్రిస్టినాను అవతలివాళ్ళు ఎత్తుకుపోయారు. చాలా ఏళ్ళకు, యుద్ధం సద్దుమణిగాక, పెద్దదై తిరిగొచ్చింది. భాష మరిచిపోయింది. ఇంట్లోవాళ్ళ భాషా కాదు, ఎత్తుకుపోయినవాళ్ళ భాషా కాదు, మధ్యలో ఏదో మాట్లాడేదట. పై గదిలోంచి కిందికి దిగేది కాదు. ఒక చలికాలం అక్కడే పోయింది.

"ఆమె సమాధి ఏది?" అన్నాను.

"ఇక్కడ లేదు" అంది. వెంటనే మాట మార్చి, "పై గది చూడవచ్చా? మా ముత్తాతల ఆత్మ కిటికీ ఉంది అందులో" అంది.

మేడ మీదికి తీసుకెళ్ళాను. గదిలో మా మామయ్యగారు మంచం మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నారు. సుజాత నాన్న. గుడివాడ డిపోలో కండక్టరుగా రిటైరయ్యారు. భార్య పోయాక ఆరేసి నెలలు మా దగ్గర ఉండి వెళ్ళేవారు. డోరతీ ఆయనకు నమస్కారం పెట్టబోయి, గోడ చూసి ఆగిపోయింది.

"ఎక్కడుంది?"

"మూయించాం."

"మూసేశారా?"

ఆవిడ గోడ మీద అరచెయ్యి ఆనించింది. తడిమింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది... ఈ ఇంట్లో ఎవరైనా ప్రాణం వదిలితే ఆ రెక్క తీసేవారు. ఆత్మ వెళ్ళడానికి. వెళ్ళగానే మూసేసేవారు. తిరిగి రాకుండా. దానికి తప్ప ఆ కిటికీ ఇంక దేనికీ తెరిచేవారు కాదు.

"ఏమంటోంది అల్లుడూ ఆవిడ?" అన్నారు మామయ్యగారు. చెప్పాను.

"ఓరి వీళ్ళ దుంపతెగ. తలుపు ఉండగా కిటికీలోంచి దూకమంటారా? ఫుట్‌బోర్డు మీంచి దిగే మనిషిని నేను. నాకు తలుపే తీయండి" అని నవ్వారు. కట్టుడు పళ్ళు తీసి ఉన్నారు. ఆ నవ్వులో సగం గాలే.

నేను నవ్వలేదు. డోరతీని అడిగాను. "క్రిస్టినా పోయినప్పుడు తెరిచారా?"

ఆవిడ నా వైపు చూసింది. "అది మా కుటుంబ విషయం" అంది. కిందికి దిగిపోయింది. పోతూ పోతూ మైకాయన చెవిలో ఏదో చెప్పింది. ఆ సాయంత్రం ఒక్కరూ నాకు వెళ్ళొస్తామని చెప్పలేదు. గడ్డిలో వాళ్ళు వదిలేసిన ప్లేట్లు నేనే ఏరాను.

ఆకులు రాలే కాలంలో మామయ్యగారు పోయారు. ఆ గదిలోనే, మధ్యాహ్నం నిద్రలో. సుజాత డ్యూటీలో ఉంది. తను ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఆ పొద్దున తండ్రికీ కూతురికీ ఆవకాయ దగ్గర మాటా మాటా వచ్చింది. బీపీ అని సీసా దాచేసింది. "నా కూతురింట్లో నేను ఆవకాయకి టికెట్ కొట్టించుకోవాలా" అన్నారాయన. సుజాత వెళ్ళొస్తానని కూడా చెప్పకుండానే కారెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం కాఫీ ఇవ్వడానికి వెళ్ళి చూసింది నేను.

అన్నీ పద్ధతిగానే చేశాం. పురోహితుణ్ణి పిలిపించాం. గదిలో దీపం పెట్టాం. పెద్దకర్మ అయింది. ఎవరేమన్నా నేను ఏ లోటూ చేయలేదు.

ఇక ఆ రాత్రి.

మొదటి పెద్ద మంచు. దారులు మూసేశారు. సుజాత ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఇంట్లో నేను ఒక్కణ్ణే. భోజనం చేస్తుంటే కరెంటు పోయింది. హీటర్ ఆగింది. ఫ్రిజ్ ఆగింది. ఇన్నాళ్ళూ అవి అంత చప్పుడు చేస్తున్నాయని అప్పుడే తెలిసింది. మంచు పడే రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలుసు. కారు పోదు. కుక్క అరవదు. దూది కుక్కినట్టు ఉంటుంది.

కొవ్వొత్తి వెలిగించాను. చెయ్యి కడుక్కున్నాను. కూర్చున్నాను.

అప్పుడు వినిపించింది...

పైన. స్‌... ర్‌... ర్‌... ఆగింది. మళ్ళీ... స్‌... ర్‌... ర్‌...

చెక్క నేల మీద ఏదో ఈడుస్తున్నట్టు. మామయ్యగారికి ఎడమకాలు లాగేది. హవాయి చెప్పు ఈడుస్తూ నడిచేవారు. అలాగే ఉంది. కాదు... పొడుగాటి బరువైన పావడా అంచు నేలకు రాసుకుంటున్నట్టూ ఉంది. రెండూ చెప్పగలను, ఒకటే అని చెప్పలేను. ఎంత విన్నా తేలలేదు.

ఉడత అంటారు. ఈ దేశంలో ఎన్నో చలికాలాలు గడిపాను. ఉడత పరుగు తెలుసు, ఎలుక పరుగు తెలుసు. అవి పరిగెడతాయి. ఇది నడుస్తోంది. మంచం వైపు నుంచి... గోడ వైపు.

నేను పారిపోలేదు. ఇది రాసిపెట్టుకోండి. కారు తాళం టేబుల్ మీదే ఉంది. ముట్టుకోలేదు. కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కాను. మెట్టు మెట్టుకీ మాత్రం ఆగాను. అది ఒప్పుకుంటాను.

గది తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. మంచం ఖాళీ. దుప్పటి మడత మడతలాగే ఉంది. చలి. నా ఊపిరి నాకే కనిపిస్తోంది.

ఈడ్పు ఆగిపోయింది. ఇప్పుడు ఇంకో చప్పుడు... గోడ దగ్గర. చాలా మెల్లగా. అరచేత్తో ప్లాస్టర్ తడుముతున్నట్టు. ఒకచోట రుద్దుతుంది. ఆగుతుంది. కొంచెం పక్కకు జరుగుతుంది. మళ్ళీ రుద్దుతుంది. చీకట్లో స్విచ్ కోసం వెతుకుతామే... అలాగ. ఉండాల్సిన చోట ఉండాల్సింది లేకపోతే మనిషి ఎలా వెతుకుతాడో అలాగ.

నేను కొవ్వొత్తి ముందుకు చాపాను.

మంట వాలింది.

గాలి లేదు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. మంట తలుపు వైపు వాలలేదు. గోడ వైపు వాలింది. మూయించిన చోటికి. సన్నగా, పొడుగ్గా... ఎవరో అవతల నుంచి ఊపిరి లోపలికి పీలుస్తున్నట్టు. నేను కుడికి జరిగాను. మంట ఎడమకు వాలింది. ఎడమకు జరిగాను. కుడికి వాలింది. ఎటు జరిగినా దాని మొహం అటే.

అప్పుడు ఒక మాట.

నా భుజం కన్నా కిందనుంచి వచ్చింది. పొట్టి మనిషి ఎత్తు. లేదా వంగిపోయిన మనిషి ఎత్తు. తెలుగు కాదు. ఇంగ్లీషు కాదు. జర్మన్ నాకు రాదు కానీ, అది జర్మన్ అని కూడా అనిపించలేదు. పళ్ళు లేని నోట్లోంచి వచ్చిన తెలుగు అలా ఉంటుందా... రెండు భాషలు కలిసిపోయిన గొంతు అలా ఉంటుందా... నాకు తెలియదు. అడుగుతున్నట్టుంది. అంతవరకు ఖాయం. చివర్లో గొంతు పైకి లేచింది.

"మామయ్యా?" అన్నాను.

తడమడం ఆగింది.

చాలాసేపు... ఏమీ లేదు. మళ్ళీ మొదలైంది.

"క్రిస్టినా?" అన్నాను.

మళ్ళీ ఆగింది. అంతేసేపు.

రెండు పేర్లకూ ఒకేలా ఆగింది. ఉడత పేరు పెట్టి పిలిస్తే ఆగుతుందా? ఆ బొమ్మ పెట్టినవాడు చెప్పాలి.

నాకు ఒళ్ళు మండింది. భయం లేదని కాదు. భయంతోపాటే మండింది. "చూడు" అన్నాను, పైకే, తెలుగులోనే. "ఈ ఇల్లు నాది. మూయించింది నేను. అడిగేదేదో నన్ను అడుగు. గోడను కాదు." మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. మళ్ళీ మాట రాలేదు. తడమడం మాత్రం ఆగుతూ, మొదలవుతూ ఉంది. కరెంటు వచ్చి కింద ఫ్రిజ్ గుర్రుమనగానే ఆగిపోయింది. వెలుతురొచ్చాక గోడ చూశాను. రంగు ఒకచోట కొంచెం నున్నగా మెరుస్తోంది. చీకట్లో నా చెయ్యే తగిలి ఉండవచ్చు. ప్రమాణం చేయను.

దారులు తెరిచాక సుజాత వచ్చింది. చెప్పాను. కోటు కూడా విప్పకుండా నిలబడి వింది.

"చెప్పు ఈడ్చినట్టా, బట్ట ఈడ్చినట్టా? సరిగ్గా చెప్పండి."

"తేల్చలేకపోయాను."

"ఇన్నేళ్ళుగా చూశారు. మా నాన్న నడక మీకు తెలియదా?"

అప్పటికప్పుడు, "రేపే గోడ పగలగొట్టిస్తాను, లోపల ఎవరున్నా వెళ్ళిపోతారు" అన్నాను.

"వద్దు" అంది. "నాన్నైతే నేను రాకుండా తెరవకండి. నేను ఒక మాట చెప్పాలి. అది చెప్పకుండా పంపించేస్తే నేను మిమ్మల్ని క్షమించను."

"కాకపోతే?"

"కాకపోతే నేను ఆ గది గుమ్మం తొక్కలేనండీ. ఎవరో తెలియని మనిషి ముందు కూర్చుని, నాన్న అనుకుని ఏడవమంటారా? అది నా వల్ల కాదు. తేల్చండి. తేల్చాక పిలవండి."

ఎడిసన్‌లో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది. చలికాలం దాటింది. ఇంకా అక్కడే ఉంది. డ్యూటీకి అంత దూరం నుంచి డ్రైవ్ చేస్తోంది. రోజూ ఫోన్ చేస్తుంది. కూర ఏం వండుకున్నానని అడగదు. "తేలిందా?" అని అడుగుతుంది. నేను మేడ మీద పడుకుంటున్నాను. కొన్ని రాత్రులు ఏమీ ఉండదు. కొన్ని రాత్రులు ఉంటుంది. కొవ్వొత్తి మళ్ళీ వెలిగించలేదు. అది మాత్రం చేయలేకపోయాను.

తేల్చగలిగింది ఒక్క మనిషి. డోరతీ. క్రిస్టినా పోయినప్పుడు ఆ రెక్క తీశారని ఆవిడ చెబితే, ఆ అమ్మాయి ఎప్పుడో వెళ్ళిపోయింది. అంటే గదిలో ఉన్నది మా మామయ్యగారు. సుజాత వస్తుంది, చెప్పాల్సింది చెబుతుంది, గోడ తీస్తాను. తీయలేదని చెబితే... అప్పుడు ఆలోచిస్తాను. నాకు కావలసింది అదొక్కటే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. మంచి ఇంగ్లీషులో, మర్యాదగా, ఉత్తరం మీద ఉత్తరం రాశాను. చివరిదానికి ఆవిడ మనవడు ఒక్క వాక్యం పంపాడు. కుటుంబ చరిత్ర కుటుంబానికే పరిమితమట. వేసవి కలయిక ఎప్పటిలాగే మా పెరట్లో జరుగుతుందట. గడ్డి కోసి ఉంచితే సంతోషమట.

ఇంగ్లీషులో అడిగి చూశాను. ఇక నా భాషలో అడుగుతాను. ఎవరితోనైనా చదివించుకో, డోరతీ.

మీకు హక్కుంది, రండి. కుర్చీలు తెచ్చుకోండి, కుక్కల్ని తెచ్చుకోండి. గేటు తీసే ఉంటుంది. కానీ గేటు పక్కనే నేను కూర్చుని ఉంటాను. నీ మనవడినీ మైకాయననీ దాటనిస్తాను, నిన్ను మాత్రం అడగకుండా దాటనివ్వను. మీ ముత్తాత గొప్పవాడా కాదా నాకు అక్కర్లేదు. ఆ అమ్మాయిని ఎందుకు సమాధుల్లోకి రానివ్వలేదో, అది మీ సిగ్గు, మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటి చెప్పు. ఎడిసన్‌లో ఒక కూతురు వినడానికి కూర్చుని ఉంది. క్రిస్టినా పోయిన రాత్రి మీవాళ్ళు ఆ కిటికీ తెరిచారా, లేదా?